లెక్క తెగకూడదని

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. కానీ దాన్ని ఎక్కడా దించలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా అక్క భర్త గరివిడిలో ఉద్యోగం చేసేవారు. పిట్టల పిచ్చి నాకు అంటించింది ఆయనే. షుగరుతో ఎడమకన్ను అప్పటికే పోయింది. కుడికన్ను కూడా ఎక్కువ రోజులు నిలవదన్నాడు డాక్టరు. అది ఉండగానే చెంచాముక్కు ఉల్లంకిని ఒక్కసారి చూడాలని బావ కోరిక. పిచ్చుకంత పిట్ట, ముక్కు చివర చెంచాలా వెడల్పు. ప్రపంచం మొత్తమ్మీద కొద్దిగానే మిగిలాయి. హుద్‌హుద్ తుపాను తర్వాతి చలికాలం, నౌపడ ఉప్పుమళ్లలో ఒకటి దిగిందని తెలిసి ఇద్దరం వెళ్లాం.

సముద్రం పోటుకి తీరంలోని ఇసుక మునగ్గానే పిట్టలన్నీ మళ్లలోకి వచ్చి వాలాయి. టెలిస్కోపు ఒక్కటే, అదీ బావదే. ఎక్కడికెళ్లినా మాకున్న అలవాటు ప్రకారం, ముందు మందను లెక్కకట్టమని నాకిచ్చారు. నాకు లెక్క ఎవరూ నేర్పలేదు. పది పిట్టలు పట్టే జాగాను కంటితో కొలుచుకుని, దాన్నే మంద మీద ఎడమ నుంచి కుడికి జరుపుకుంటూ పోతాను. మధ్యలో కన్ను తీస్తే మళ్లీ మొదటికి రావాలి. నేనెప్పుడూ మొదటికి రాలేదు. అది నా గర్వం.

మంద సగం దాటాక అది కనిపించింది. ముక్కును బురదలో అటూ ఇటూ ఆడిస్తోంది. బావ గట్టు మీద నా పక్కనే ఉన్నారు. పిలవాలి కదా? పిలవలేదు. లెక్క ముగించి పిలుద్దాం, ఇంతలో ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక ఇప్పుడు అలా సర్దిచెప్పుకుంటున్నానా? ఆయన ముందుకు వంగితే ఆగమని చేత్తో సైగ కూడా చేశాను. లెక్క చివరికొచ్చేసరికి గద్ద దూకింది. మంద మొత్తం లేచి సముద్రం వైపు వెళ్లిపోయింది. పొద్దుగూకేదాకా కూర్చున్నాం. తిరిగి రాలేదు.

"ఏట్రా, కనబడినాదేటి?" అన్నారు బావ.

"లేదు బావా. అసలు రానేలేదు."

"పోన్లేరా. నీ డేగకళ్లకే దొరకనిది నా ఒంటికన్నుకేటి దొరుకుతాది," అని నవ్వి, నా భుజం పట్టుకుని గట్టు దిగారు.

వేసవికి ఆ కన్నూ పోయింది. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా ఆ ప్రయాణం సంగతి చెప్తారు. పిట్టే రాలేదు కాబట్టి తాను పోగొట్టుకున్నదేమీ లేదంటారు. నిజం చెబితే ఆ కాస్త ఊరట కూడా లాక్కున్నవాణ్నవుతాను. చెప్పలేక పక్కన కూర్చుని తల ఊపుతాను, ఆయనకి కనబడదని తెలిసీ.

మరి ఇది రాసే ధైర్యం ఎక్కడిదంటారా? ఆయన చదవలేరు. అది తెలిసే రాశాను. అయినా ఇవాళ గుండె కొంచెం తేలికపడింది. అదీ మీ దగ్గర దాచను.