గొత్తిల్లయ్య

మొన్న మన్నాఏఖేళ్ళిలో బస్సు ఆగగానే ఎండుమిర్చి ఘాటు కిటికీలోంచి వచ్చి నా ముక్కు పట్టుకుంది. నేను తుమ్మిన తుమ్ముకు ముందు సీటాయన టోపీ మాకంటే ముందే హైదరాబాద్ బయలుదేరింది. కళ్ళు తుడుచుకుంటుంటే రాజమ్మక్క గుర్తొచ్చింది.

బీదరు బజారులో ఆమెది మిర్చి టోకు దుకాణం. బస్తాలు మేఘాలను ఒరుసుకునేవి. నేను అక్కడ తూకం వేసేవాణ్ణి, తీరికలో భయంకర కథలు రాసేవాణ్ణి. పత్రికలకు పంపినవన్నీ తిరిగొచ్చాయి. చివరికి ఒట్టు పెట్టుకున్నాను: ఈ ఒక్క కథకు అక్క భయపడితే రచయితను, లేకుంటే జన్మంతా తూకమే.

కథలో నక్షత్రాల అవతలి నుంచి ఒకటి వస్తుంది. బేరానికొచ్చినవాళ్ళు కూడా చుట్టూ చేరారు. గొంతు బొంగురు చేసి చదివాను.

"ఎట్లుంటదిరా అది?" అంది అక్క.

"చెప్పలేమక్కా. మనిషి బుద్ధికి అందదు."

"ఏం తింటది?"

"ఎవలికీ తెల్వదు."

"పేరన్న ఉన్నదా?"

"ఉన్నా మన నాలుక తిరగదు."

"ఏదడిగినా ఆఫీసుల గుమాస్తా లెక్క గొత్తిల్ల, గొత్తిల్ల అనవడ్తివి. గా సామికి గొత్తిల్లయ్య అని పెట్టు, పీడ పోతది."

కన్నడంలో తెలియదనడానికి గొత్తిల్ల అంటారు. దానికి అయ్య తగిలించేసరికి నా భూతానికి పంచె, కండువా వచ్చేశాయి. చుట్టూ చేరినవాళ్ళ నవ్వులకు బీదరు కోట ఇంకోచోట బీటవారిందని నా అనుమానం. ఆఖరి అస్త్రం తీశాను.

"అక్కా, మనం ఉన్నమన్న సంగతే దానికి ఎర్కలేదు. తొక్కుకుంట పోతది."

అక్క నవ్వు ఆగింది. చాలాసేపు పైకప్పు వైపు చూసింది. గెలిచాననుకున్నాను.

"మా అత్తమ్మకు నేను పోపుల ఎన్ని ఆవాలేసిన్నో సుత ఎర్కుంటుండె," అంది మెల్లగా. "గన్ని చుక్కల నడుమ నన్ను పట్టించుకోనోడు ఒక్కడన్న ఉన్నడా? పానం సల్లగైందిరా. ఊఁ, మళ్ల ఏమాయె?"

"నాకూ తెల్వదక్కా. గంతవరకే రాసిన."

"తెల్వకుంటే ఇంక మంచిగాయె. రాసుకరా, రేపు చూద్దాం."

ఒట్టు ప్రకారం నేను ఓడిపోయాను. కానీ మర్నాడు దుకాణం తెరిచేసరికి నిన్నటివాళ్ళంతా, భాల్కి ఊరి నుంచి చుట్టాలను కూడా వెంటేసుకుని, బస్తాల మీద ఎక్కి కూర్చున్నారు. మిర్చి మాట ఎత్తినవాడు లేడు. అక్క నా చేతిలోంచి తక్కెడ లాక్కుంది.

"నువ్వు చదువు. తూకం నేనేస్త."

ఆ కథ హాస్యం పేజీలో అచ్చయింది. నేను ఇంతవరకూ ఆ పేజీ దిగలేదు. అక్క పోయి రెండేళ్ళవుతోంది. చుక్కల అవతల ఏముందని మా అమ్మాయి అడుగుతుంటుంది. తెలియదంటాను. ఆ మాట చెప్పడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. కుర్చీ ఆమె పక్కకు జరుపుకుని, నీకేమనిపిస్తోందని అడుగుతాను.