తాళం వేసిన గది నుంచి జవాబు

కరోనా తగ్గిన మరుసటి ఏడు వానాకాలంలో నన్ను శంషాబాద్ విమానాశ్రయం గోడ వెనక ఊళ్ల లైన్ మీద వేశారు. అప్పటికి నేను సీనియర్ లైన్‌మన్‌ని. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. కేబుల్ టీవీ రోజుల్లో స్తంభాలెక్కి పని నేర్చుకున్నాను, ఇంటర్‌నెట్ వైరు వచ్చాక అదీ నేర్చుకున్నాను. వైరు తెగితే లైన్‌మన్ పోవాలి, వైరు బాగుండి నెట్ రాకపోతే టెక్నీషియన్ పోవాలి. అది మా పద్ధతి. ఆ ఊళ్లలో ఒకదాంట్లో ఉండే అంజయ్య ఇంటి ఫిర్యాదు ఈ రెండింటిలో దేనికీ చెందలేదు.

ఫోన్ చేసింది అంజయ్య కొడుకు నర్సింహ. విమానాశ్రయంలో క్యాబ్ నడుపుతాడు. నెట్ బాగానే వస్తోందట. "సత్తన్నా, జర నువ్వే రా. ఇంకొకళ్లను తోలకు" అన్నాడు. అంజయ్య పోయి అప్పటికి నెల దాటింది.

నేను వెళ్లేసరికి వాకిట్లో గడ్డపార, పార గోడకు ఆనించి ఉన్నాయి. పొలం పనికేమో అనుకున్నాను. నర్సింహ తన ఫోన్ నా ముందు పెట్టాడు. వైఫై డబ్బాకు ఏయే ఫోన్లు తగులుకుని ఉన్నాయో చూపించే పేజీ అది. అందులో ఒక పేరు 'అంజయ్య'.

"బాపు ఫోను. నా చేతుల్తోని బొందల పెట్టిన" అన్నాడు.

వాళ్లలో చనిపోయినవాళ్లను పూడ్చిపెడతారు. ఇష్టమైనవి పక్కన పెట్టి పంపుతారు. అంజయ్యకు బీడీ కట్ట, లైటరు, దస్తీలో చుట్టిన ఫోన్ పెట్టారు. గ్యాసు, బ్యాంకు మెసేజీలు వస్తాయని సిమ్ మాత్రం అంతకు ముందే తీసి ఉంచారు. అందుకే ఇప్పుడు ఫోన్ చేసి చూసే దారి లేదు.

"ఎవడో బొంద తవ్వి ఎత్కపోయిండన్నా. గీడనే యాడనో కూసొని మన నెట్టే వాడుతున్నడు. ఇయ్యాల తవ్వి చూస్త" అన్నాడు నర్సింహ. గడ్డపార ఎందుకో అప్పుడు తెలిసింది.

గడప మీద కూర్చున్న అతని తల్లి యాదమ్మ తల ఎత్తలేదు. "తవ్వితె నన్ను గూడ అండ్లనే పెట్టు" అంది.

"మామ బతికున్నప్పుడు గూడ రాత్రి పగలు రీల్సే సూస్తుండె" అని కోడలు లావణ్య నవ్వబోయింది. ఎవరూ నవ్వలేదని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పేరును నమ్మకూడదు. ఫోన్‌కు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. పట్టుకోవాల్సింది ఐపీ అడ్రస్‌ను. ఇల్లంతటికీ బయట ఒక అడ్రస్ ఉంటుంది, అది మా ఆఫీసుకు కనిపిస్తుంది. లోపల ఒక్కో ఫోన్‌కు, టీవీకి డబ్బా ఒక్కో అడ్రస్ ఇస్తుంది. మీ ఫోన్‌ది చూడాలంటే సెట్టింగుల్లో వైఫైలోకి పోయి, తగులుకున్న పేరు మీద నొక్కాలి. కిందికి జరిపితే చుక్కలు పెట్టిన అంకెల వరస కనిపిస్తుంది. కంప్యూటర్‌లోనూ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఉంటుంది.

నర్సింహ ఫోన్, లావణ్య ఫోన్, టీవీ, మూడింటి అడ్రస్‌లూ చూశాను. యాదమ్మను అడిగితే తన ఫోన్ ఎక్కడో పోయిందని, ఇగ తనకు ఫోన్‌తో పనిలేదని అంది. పేజీలో ఒక అడ్రస్ మిగిలింది. నా ల్యాప్‌టాప్ నుంచి దానికి పింగ్ కొట్టాను. పింగ్ అంటే ఆ అడ్రస్‌కు 'ఉన్నావా' అని కబురు పంపడం. అక్కడ ఫోన్ బతికి ఉంటే 'ఉన్నాను' అని వరసగా జవాబులు వస్తాయి.

వచ్చాయి.

తర్వాత అది ఎంత దూరంలో ఉందో చూడాలి. డబ్బాను హాల్లోంచి తీసి, పొడుగు వైరు తగిలించి, చేతిలో పట్టుకుని నడిచాను. ఫోన్‌కు దగ్గరయ్యేకొద్దీ పేజీలో సిగ్నల్ గీతలు పెరుగుతాయి. వీధి వైపు పోతే పడిపోయాయి. వంటింటి వైపు కొంచెం పెరిగాయి. చివరి గది తలుపు ముందు నిండుగా నిలబడ్డాయి.

ఆ తలుపుకు తాళం. అడ్డంగా తుమ్మకంప. అంజయ్య ఆ గదిలోనే పోయాడు. పోయిన నక్షత్రం మంచిది కాదని, మూడు నెలలు గది తెరవొద్దని పంచాంగం చూసిన అయ్యగారు చెబితే, శవాన్ని తీసుకుపోయిన పూటే తాళం వేశారట. కిటికీకి కూడా చెక్క కొట్టారు. నెత్తి మీద విమానం దిగుతోంది, తలుపు రెక్కలు సన్నగా అదురుతున్నాయి. నేను మళ్లీ పింగ్ కొట్టాను. కంప అవతల నుంచి జవాబు వెంటనే వచ్చింది. చేతిలో డబ్బా ఉన్నట్టుండి బరువనిపించింది.

"ఉన్నడా?" అంది వెనక నుంచి యాదమ్మ.

"ఫోను ఉంది వదినా" అన్నాను. అంతకన్నా చెప్పడం నాకు చేతకాలేదు.

నర్సింహ పరుగున పోయి గడ్డపార తెచ్చాడు. తాళం పగలగొట్టాలా, బొంద తవ్వాలా అన్నది అతని ప్రశ్న. రెండూ చేయకూడని పనులే. ఏదో ఒకటి చేయనిదే అతనికి ఆ రోజు గడిచేట్టు లేదు. అప్పుడు యాదమ్మ లేచి గడ్డపార పట్టుకుంది.

"ఏదీ తవ్వకు బిడ్డా. బొందల ఉన్నది నా ఫోను."

లావణ్య గోడకు ఆనుకుంది. నర్సింహ "ఏంది?" అని మాత్రం అన్నాడు.

"ఆయన సొమ్ము ఆయనతోనే పోవాలె, లేకుంటె ఎతుక్కుంట వస్తడన్నరు. ఆయన గొంతంతా గా ఫోన్ల ఉన్నది. ఎట్ల ఇయ్యాలె? నాది దస్తీల చుట్టి నీ చేతికిచ్చిన. ఆయనది చార్జింగ్ పెట్టిన, తీస్కుందామనేటాల్లకు తాళమేసిండ్రు." గడ్డపార వదలకుండానే, "ఆయనది నా దగ్గరుంటది, నాది ఆయన దగ్గరుంటది. మాట్లాడుకుంటం గద అనుకున్న" అంది.

నర్సింహ గడ్డపార వదిలేశాడు. కొంతసేపటికి ఆ అడ్రస్‌ను ఆపేయమని నన్ను అడిగాడు. అదొక మీట నొక్కేంత పని. యాదమ్మ నా చేతివైపే చూస్తోంది. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు చెప్పిందే మేము చేయాలి. కనెక్షన్ ఇంకా అంజయ్య పేరు మీదే ఉందని గుర్తు చేశాను. నర్సింహ తల్లిని చూసి, "ఉండనీ తియ్" అన్నాడు. బొంద తవ్వలేదు. గదీ తెరవలేదు.

గడువు తీరాక కంప తీసి గది తెరిచిన రోజు నర్సింహ ఫోన్ చేశాడు. అంజయ్య ఫోన్ కిటికీ పక్కన చార్జరుకు తగిలించే ఉందట. ముందు రోజు కూడా పేజీలో పేరు కనిపించిందట.

"కని సత్తన్నా, గోడకు స్విచ్ బందున్నది. మేమెవ్వలం ముట్టలే."

చీకట్లో తడుముకుంటూ ఎవరి చెయ్యో తగిలి ఉండొచ్చని చెప్పాను. ఆ మాట అతనూ నమ్మలేదు, నేనూ పూర్తిగా నమ్మలేదు. నేను అక్కడ లేను.

ఫిర్యాదు మూసేటప్పుడు 'తెలియని ఫోన్, ఇంట్లోనే ఉంది' అని రాశాను. సూపర్‌వైజర్ సంతకం పెట్టాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరి ఇంట్లో తెలియని అడ్రస్ కనిపించినా డబ్బా ముట్టుకునే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడిగేవాణ్ణి. అడ్రస్ ఫోన్ ఎక్కడుందో చెబుతుంది. దాన్ని అక్కడ ఎవరు ఉంచారో, ఎందుకు ఉంచారో మనుషులే చెప్పాలి. మనుషులూ చెప్పలేనిది మిగిలితే, దాన్ని అలాగే వదిలి తర్వాతి స్తంభానికి పోవాలి.