ఉత్త బిళ్ళ

మా భవాని పేట్‌లో పుట్టి గుండె డాక్టరైన ఒకామె, బలహీనపడిన గుండెకు కొత్త మందు కనిపెట్టే పనిలోనే ఏళ్ళు గడిపింది. ఆ మందును పరీక్షించడానికి ఒప్పుకున్న రోగుల్లో నేనొకణ్ణి. మా పాత మందులతో పాటు కొందరికి అసలు మందు, కొందరికి అచ్చం అలాగే ఉండే, మందేమీ లేని ఉత్త బిళ్ళ ఇచ్చేవారు. ఎవరికి ఏది అందుతోందో చివరిదాకా ఆమెకూ తెలియదు.

నేను వెళ్ళినప్పుడల్లా కలం పక్కన పెట్టి, గడ్డం కింద చెయ్యి ఆనించి, "ఎట్లుంది కాకా? నా కోసం చెప్పకు, నిజం చెప్పు" అనేది.

"ఏక్‌దమ్ మస్తుంది డాక్టరమ్మా! మెట్లు ఆగకుండ ఎక్కుతున్న" అనేవాణ్ణి ఛాతీ విరిచి. నిజంగానే ఎక్కేవాణ్ణి. పవర్‌లూమ్‌ల చప్పుడును మించి అరిచి పేటంతా ఆ మందు గొప్ప చాటేవాణ్ణి. ఆమె పేరు నిలబెడుతున్నది నేనేనని నా నమ్మకం.

పరీక్ష ముగిశాక పిలిచింది.

"నీకిచ్చింది ఉత్త బిళ్ళ కాకా. అసలు మందు తిన్నోళ్ళు గూడ నీ అంతనే బాగున్నరు. అంటే నా మందు పనిచెయ్యలే."

ఆమెను గెలిపించాలని గొంతు చించుకున్న నేను, ఆమె మందుకే ఎదురు సాక్ష్యం చెప్పానన్నమాట!

"ముందే తెలిస్తే ఆయాసమొస్తుందని చెప్తుంటి గదమ్మా" అన్నాను.

తడి కళ్ళతోనే నవ్వింది. "నువ్వట్ల చెప్తే, పనికిరాని మందు ఊరందరికి ఇస్తుంటి కాకా."

తర్వాత ఇంకో మందుతో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. రోగులు కావాలని వినగానే, వరసలో అందరికంటే ముందు నిలబడ్డ పెద్దమనిషిని నేనే.