రెండు వందల నలభై చదరపు అడుగుల రొట్టెలు

ఆరు నెలల్లో నేను పోగొట్టుకున్నవి ఇవి: తొమ్మిది కిలోల బరువు, వారానికి నాలుగు పూటల మటన్, లారీలెక్కి బండలు కొలిచే పని. తాండూరులో నాపరాళ్లు కొలవడం నా వృత్తి. చదివింది ఐదో తరగతే అయినా నా కొలత ఎన్నడూ తప్పలేదు.

ఛాతీ నొప్పి వచ్చినప్పుడు వికారాబాద్ డాక్టరు గారు లారీలు ఎక్కొద్దన్నారు. "కడుపుల కోట్ల సూక్ష్మజీవులుంటయి. ఎప్పుడూ మటనే పెడితే కొన్ని దాంతో గుండెకు చెరుపు చేసేది తయారుచేస్తయి. జొన్నరొట్టె, కందిపప్పు పెడితే మేలు చేసేటివి పెరుగుతయి. గోలీలు మాత్రం ఆపకు," అని చెప్పారు.

పోయిన వారం మళ్లీ వెళ్లాను. నా పని నాకు తిరిగి దక్కేదీ లేనిదీ ఆ రోజే తేలాలి.

"జొన్నరొట్టె ఎంత తిన్నవ్?" అని అడిగారు.

"రెండు వందల నలభై చదరపు అడుగులు సార్."

బయట వరుసలో కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు.

"తిన్నవా, ఇంట్ల బండల్లెక్క పరిపించినవా?" అన్నారు డాక్టరు గారు.

సిగ్గుతో తల వంచుకునే లెక్క చెప్పాను. రోజుకు మూడు, నూట ఎనభై రోజులు, ఒక్కోటి ఎనిమిదికి ఎనిమిది అంగుళాలు. గుండ్రటి రొట్టెను కూడా బండలాగే పొడవు, వెడల్పు కొలిచాను.

ఆయన రక్తపరీక్ష కాగితం రెండుసార్లు చూసి, "కొవ్వు మంచిగ దిగింది. ఇగ లారీ ఎక్కు," అన్నారు.

నా ఛాతీ ఉప్పొంగింది. పక్కనే ఉన్న నా భార్య అంజమ్మ, "కొలిచింది నువ్వు. గా రొట్టెలు కొట్టిందెవలు?" అంది.

అదీ లెక్కే. ఐదు వందల నలభై రొట్టెలూ ఆమె చేతివే. అందుకే నేనూ నేర్చుకుని ఆమెకు చేసి పెడుతున్నాను. ఇవాళ్టికి ఇరవై రెండు పెట్టాను. ఇంకా ఐదు వందల పద్దెనిమిది బాకీ.