రెండో నిచ్చెన దండగన్నాను

“వదినా, ఈడ రెండు నిచ్చెనలు పెట్టినాను. ఒకటే ఉండాది. రెండోది ఏమైంది?”

“ఏమౌతుంది, విప్పేసినాను. అచ్చం ఒకే మాదిరివి రెండెందుకు మే? ఆ వైరుతో బుట్టకు చేతులు అల్లేసినా.”

“రేపు సెమినారు పెట్టుకుని నా ప్రాణం తీసినావు కదా!”

“అరవబాక. ఒకటి మిగిల్చినాను కదా, దాన్నే చూపించు.”

ఆ రోజుల్లో, అంటే తొంభైలలో, ఉదయగిరికి కొత్తగా కాపురానికి వచ్చిన నేను నా కత్తెరకూ నా నోటికీ ఎదురు లేదనుకునేదాన్ని. వైరు బుట్టలు అల్లి అమ్మేదాన్ని. జానెడు ముక్క కూడా పారేసేదాన్ని కాదు (ఇప్పుడూ పారేయను, మనవరాళ్లు నవ్వితే నవ్వనీ). చదువంటారా, ఐదో తరగతి, అదీ సగం. నా ఆడబిడ్డ మాత్రం ఆత్మకూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతూ ఆదివారానికి ఇంటికి వచ్చింది. సోమవారం క్లాసు ముందు నిలబడి బాక్టీరియా సంగతేదో చెప్పాలట. కిందటిసారి నిలబడి, నోరు పెగలక, చెమటలు కక్కి కూర్చుంది. ఈసారీ అంతే అయితే ఆ ఏడాది పోయినట్టే. చేతిలో ఏదైనా ఉంటే ధైర్యంగా ఉంటుందని నా దగ్గర వైరూ రంగుపూసలూ అడిగి తీసుకుని ఆ రెండు నిచ్చెనలు కట్టుకుంది. ఆ పిల్ల చర్చికి వెళ్లి వచ్చేలోగా నేను ఒకటి విప్పేశాను.

ముక్కు చీది నాకు వివరించింది. “ఇది డీఎన్‌ఏ వదినా. బాక్టీరియా ఎట్ట బతకాల్నో అంతా దీంట్లోనే రాసుండాది. రెండు పోగులు. ఎర్రపూసకు ఎదురుగా తెల్లదే, పచ్చదానికి ఎదురుగా నీలమే. ఒక పోగు చెడితే ఎదుటి పోగును చూసి బాగుచేసుకుంటాది. కానీ కొన్ని విషాలు రెండు పోగుల్నీ కలిపి అడ్డంగా ముడేస్తాయి. రెండూ ఒక్కచోటే చెడితే ఇంక దేన్ని చూసుకోవాల?” అంటూ మిగిలిన నిచ్చెనకు సన్న తీగతో ముడివేసి చూపించింది.

“దీనికింత రాద్ధాంతమా!” అని కత్తెర తీసి, ముడికి అటూ ఇటూ రెండు పోగులనూ కత్తిరించి పారేశాను. నిచ్చెన రెండు ముక్కలై పూసలు మంచం కిందికి దొర్లాయి.

“ఆ మధ్యలో వరస ఏంది, చెప్పు ఇప్పుడు!”

“ఎరుపు, పచ్చ, ఎరుపు.”

“కాదు. పచ్చ ముందు.”

“నేను కళ్లారా చూసినా మే.”

“నేను చేతులారా కట్టినా!”

ఆ కంటికి కనపడని పురుగు నాకంటే నిదానమైనదని అప్పుడు తెలిసింది. అది మొదట ఒక పక్క పోగునే ముడికి అటూ ఇటూ కత్తిరిస్తుందట. ఆ ఖాళీని, తనలోనే పక్కనున్న, అచ్చం అలాంటి రెండో నిచ్చెనతో కలిసి, అందులో అదే చోట ఉన్న వరసతో పూడ్చుకుంటుంది. అది కుదురుకున్నాకే రెండో పోగును కత్తిరించి ముడిని వదిలించుకుంటుంది. నేను దండగన్నదే దానికి ఆధారం. మారు మాట్లాడకుండా బుట్ట చేతులు విప్పాను (నేను మారు మాట్లాడకపోతే నాకు జ్వరమేమోనని ఇంట్లో నుదురు పట్టి చూస్తారు). ఆ పిల్ల నోటుబుక్కులో పూసల వరస బొమ్మ ఉండబట్టి రెండు నిచ్చెనలూ మళ్లీ గుచ్చగలిగాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఆత్మకూరు బస్సెక్కాం. కత్తిరించి చూపించే ఆడబిడ్డకు నిచ్చెనలు పట్టుకునే మనిషి కావాలి కదా. క్లాసులో చేతికొకటి ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. ఆడబిడ్డ నాలుగు మాటలు చెప్పిందో లేదో, లెక్చరరు అడ్డుపడి, “రెండు పోగులూ ఒకేసారి కత్తిరిస్తే సరిపోదా?” అన్నాడు. ఆ పిల్ల నోరు మూతపడింది. చెమటలు మొదలయ్యాయి.

“సరిపోదు సార్,” అన్నాను. “నిన్న నేను కత్తిరించినా. రెండు ముక్కలై చేతికొచ్చింది. నడాన ఏ పూసలుండినాయో కట్టిన మనిషికీ తెలీదు, కోసిన మనిషికీ తెలీదు.”

క్లాసంతా గొల్లుమంది. ఆడబిడ్డ కూడా నవ్వింది. ఆ నవ్వుతో పెగిలిన గొంతు ఇక ఆగలేదు; చివరిదాకా గడగడా చెప్పేసింది. లెక్చరరు తల ఊపి మార్కులు వేసుకున్నాడు. చేతులు దించమని నాతో ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. భుజాలు లాగేస్తున్నా గడ్డం పైకెత్తి, ఆ పాఠమంతా నేనే కనిపెట్టినట్టు నిలబడే ఉన్నాను.