నీళ్లు తాగమని నేనిచ్చిన ఆర్డరు

మే మొదటి వారంలో ఉదయం పదకొండింటికి రామగుండం స్టేషన్‌లో దిగాం. ప్రత్యేక రాష్ట్రం ఇంకా రాలేదు. మేం తొమ్మిది మందిమి. మనిషికో రైఫిలు, ట్రంకు పెట్టె, రెండు జతల యూనిఫాం. గోదావరిఖని దాటాక ఓపెన్‌కాస్టు గని అంచున మందుగుండు గోదాము ఉంది. బొగ్గు పేల్చే మందు అందులో ఉంటుంది. దానికి మూడు నెలలు కాపలా. నీడంటే సెంట్రీ పోస్టు మీద ఒక రేకు. దాని కింద నిలబడితే ఎండే నయమనిపించేది.

అంతకుముందు రెండేళ్లు మంచుకొండల్లో పనిచేశాను. ఈ తొమ్మిది మందికీ సెక్షన్ కమాండర్ని నేనే. నాకు తెలియని వాతావరణం లేదనుకునేవాణ్ణి. మొదటి సాయంత్రమే ఆర్డరిచ్చాను: ఆరు గంటల డ్యూటీకి లీటరు సీసాలు ఆరు, గంటకొకటి ఖాళీ కావాలి, బయటివాళ్లిచ్చింది ఏదీ ముట్టకూడదు. డ్యూటీ దిగేటప్పుడు ఖాళీ సీసాలు నేనే చూసేవాణ్ణి.

మా పక్కనే నీళ్ల పంపు నడిపే రాజయ్య ఉండేవాడు. గనిలో ముప్పై ఏళ్ల సర్వీసు. సెంటినరీ కాలనీ నుంచి సైకిలు మీద వచ్చేవాడు, హ్యాండిల్‌కు గంజి డబ్బా తగిలించుకుని. అందులో ఉప్పు కాస్త ఎక్కువే వేసేవాడు. మా వాళ్లకూ పోస్తానన్నాడు. ఎండలో చేసేవాళ్లంతా ఇదే తాగుతారని రెండుసార్లు చెప్పి చూశాడు. రూలు రూలే అన్నాను. ఆయన మూత పెట్టుకుని వెళ్లిపోయాడు. నా క్రమశిక్షణకు నేనే మురిసిపోయాను.

తొమ్మిదో రోజు. ఎనిమిది నుంచి రెండు దాకా డ్యూటీలో ఉన్నది పార్వతీపురం వైపు జవాను, ఇద్దరు పిల్లల తండ్రి. ఒంటిగంటా నలభైకి వైర్‌లెస్‌లో పిలిచాడు.

"కాళ్లు పట్టీసినాయి సార్."

ఆ వెంటనే ఎవరిదో పెళ్లి గురించి మాట్లాడసాగాడు. పరుగెత్తాను. పిక్కలు రాళ్లలా బిగుసుకుపోయాయి. వాంతి చేసుకున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. వడదెబ్బ అనుకుని తల ఎత్తి, నా సీసా అతని నోటికి పెట్టాను.

రాజయ్య వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఇగ నీళ్లు పొయ్యకు సారూ. చెమటల ఉప్పంత పోయింది. ఉత్త నీళ్లు పోస్తే మనిషి దక్కడు. జల్ది దవాఖానకు తీస్కపోదాం."

సీసా కింద పెట్టేశాను. జీపులో పన్నెండు నిమిషాల దారి. రాజయ్య అతన్ని పక్కకు తిప్పి పట్టుకుని కూర్చున్నాడు. ఒంటి మీద చెయ్యి వేశాను. వడదెబ్బ తగిలినవాడి ఒళ్లు కాలిపోవాలి. ఇతనిది మామూలుగా ఉంది. అప్పుడు భయమేసింది. మంచులో కూడా అంత భయపడలేదు.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, ఉప్పు సెలైను చుక్క చుక్కగా ఎక్కించింది. నన్ను నిలబెట్టి చెప్పింది. ఒళ్లు తనను తాను చల్లబరచుకోవడానికి చెమట పోస్తుంది. చెమటతోపాటు ఉప్పు పోతుంది. దాని చోట నీళ్లే నింపుతూ పోతే రక్తం పలచనవుతుంది, మెదడు ఉబ్బుతుంది. ఎక్కువైన నీటిని బయటికి పంపి సరిచేయాలని మూత్రపిండాలు చూస్తూనే ఉంటాయి.

"వాటికి మీరు తెరిపివ్వలేదు," అంది.

మర్నాడు అయిదున్నరకు అందర్నీ వరుసలో నిలబెట్టి తప్పు నాదేనని చెప్పాను. ఆర్డరు మార్చాను: దప్పికైతేనే నీళ్లు, ప్రతి పోస్టుకూ ఉప్పు గంజి. కాచడం రాజయ్య దగ్గర నేర్చుకున్నాను. వానలు పడేదాకా తెల్లవారుజామున నాలుగింటికి లేచి నేనే కాచాను. మొదటి గ్లాసు నేను తాగి, తరవాత వాళ్లకు పోసేవాణ్ణి. ఇంకొక్క మనిషి పడిపోకూడదు. పడలేదు.

ఆగస్టులో ఇంటికొచ్చాను. మందుగుండు పక్కన పడుకుంటే భయం వెయ్యలేదా అని ఇక్కడ మీరంతా అడుగుతారు. గోదాము రూపు కూడా నాకిప్పుడు సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నది ఆ జవాను పడిపోయిన రోజు సాయంత్రం ఆరు గంటలకు దవాఖాన మంచం. అతను కళ్లు తెరిచాడు. నన్ను పోల్చుకున్నాడు. సూది గుచ్చి ఉన్న చెయ్యే లేపి సెల్యూట్ చెయ్యబోయాడు. సెలైను గొట్టం బిగదీసుకుంది.

"ఆరూ తాగీసినాను సార్," అన్నాడు. "ఒక్క సీసా కూడా మిగల్లేదు."