మా బావ కుక్కకు కుట్టిన బెల్టు

పొద్దున కాఫీ గ్లాసు ఇంకా కింద పెట్టకముందే మా బావ టూవీలర్ వచ్చి దొడ్డివైపు ఆగింది. మా అక్క భర్త. డెబ్బై దాటినా మీసం మెలి సడలని మనిషి. పాత తమిళ పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి నా పనిబల్ల మీద పెట్టి, విప్పమన్నట్టు గడ్డం ఊపాడు. విప్పితే, ఏడెనిమిదేళ్ళ కిందట ఆయన కుక్కకు నేను కుట్టిచ్చిన మెడబెల్టు. "ఇంకొక బొక్క కొట్టు, లోపలికి" అన్నాడు. కొత్త కుక్కపిల్ల వచ్చిందట, దాని మెడకు ఇది వదులట. నేను అంచు మీద బొటనవేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపించాను. ఎక్కడా ఒక పోగు లేవలేదు, ఒక కుట్టు సడలలేదు. ఎన్ని వానలు తిన్నదో, ఎంత దుమ్ము తిన్నదో! నాకు గర్వం వచ్చింది. ఈ వయసులో దాన్ని దాచుకోవడం దేనికి?

ముప్పై నాలుగేళ్ళు తమిళనాడులోని మా ఊరు రాజపాళయం నూలు మిల్లులో యంత్రాలు బాగుచేశాను. ఎంత నూలు వడికినా ఇది నేను చేసినదని చూపించడానికి చేతిలో ఏమీ మిగలదు. నూలు చుట్టిన కోను మీద మిల్లు పేరు ఉంటుంది గాని మెకానిక్కు పేరు ఎవరు వేస్తారు? రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే నా భార్య వంటగదిలో డబ్బాల మూతలు కూడా నేనే బాగుచేస్తున్నానని విసుక్కుంది. అప్పుడు పట్టుకున్నాను ఈ తోలు పని. దిండిగల్ పోయినప్పుడు తంగేడు బెరడుతో పదును చేసిన గేదె తోలు కొంచెం కొని తెచ్చుకున్నాను. మొదట ఒక పర్సు కుట్టాను. నాలుగు మూలలూ నాలుగు రకాలుగా వచ్చాయి. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, దాన్ని నెలరోజులు జేబులో పెట్టుకుని కనబడినవాడికల్లా తీసి చూపించాను.

అయితే ఇదంతా దొడ్డిలో పశువుల కొట్టంలోనే. పశువులు పోయి చాలాకాలమైంది గనక చోటుకు కరువు లేదు. తోలు గడప దాటి ఇంట్లోకి రాకూడదని మా అక్క ఆజ్ఞ. మాకు అమ్మ తరవాత అమ్మ ఆమె. పక్కవీధిలో ఉన్నా మా ఇంటి గడపకు కూడా కావలి ఆమెదే. నేను మంచినీళ్ళకు లోపలికి వచ్చినా చేతులు వాసన చూసేది. బంధువులు ముక్కున వేలేసుకున్నారు. రాజుల ఇంట్లో తోలు పనేమిటని ఒక చిన్నాన్న నా ఎదురుగానే అన్నాడు. కాళ్ళకు చెప్పులు తొడుక్కుని వచ్చి ఆ మాట అన్నాడాయన.

ఇక మా బావ సంగతి. మా ఊరి తెల్ల కుక్కలంటే ఆయనకు ప్రాణం. అప్పట్లో ఆయన దగ్గర రెండు ఉండేవి, ఒక ఆడది, ఒక మగది. ఆడదానికి చెవులు వినబడవు. ఈ తెల్ల జాతిలో అలా పుట్టేవి ఉంటాయి. మా బావా రోజుకు పది మాటలు మించి మాట్లాడే మనిషి కాదు గనక ఇద్దరికీ బాగా కుదిరింది. వాళ్ళ భాష అంతా మెడబెల్టులోనే. గొలుసు ఒకసారి లాగితే ఆగు, రెండుసార్లు లాగితే రా. ఆ కుక్కకు బెల్టు నేను కుట్టి ఇస్తానని నేనే అడిగాను. ఆయన చాలాసేపు నా మొహం చూసి సరే అన్నాడు. ఆ సరే విలువ నాకు అప్పుడు తెలియలేదు.

కుట్టడం బాగానే కుట్టాను. అంచు దగ్గర తప్పు చేశాను. కోసిన తోలు అంచు ఊరికే వదిలితే పోగులు లేస్తుంది, దాన్ని నున్నగా అణిచి మెరుగు పెట్టాలి. పోగు లేస్తుందంటే మా ఊళ్ళో ఎవడికైనా ఒకటే మందు తెలుసు, గంజి. పక్క ఊరు సత్రపట్టిలో బ్యాండేజి గుడ్డ నేసేవాళ్ళు పడుగుకు పెట్టినట్టే నేనూ చిక్కటి బియ్యపు గంజి పట్టించి, ఆరబెట్టి, గ్లాసు అడుగుతో రుద్దాను. అద్దంలాగా మెరిసింది. ఇల్లలకగానే పండగ అనుకున్నాను. మూడోరోజు వాన పడింది. గంజి ఉబ్బి, పులిసి, మగకుక్క ముక్కుకు అన్నం వాసన తగిలింది. అది తీరుబడిగా పక్కదాని మెడమీద బెల్టు సగం దాకా కొరికి తినేసింది. సాయంత్రం బావ గొలుసు పట్టుకుని నడిపిస్తుంటే బెల్టు పుటుక్కున తెగింది. కుక్క వీధి దాటి, మెయిన్ రోడ్డు దాటి పోయింది.

పిలిస్తే వినబడని కుక్కను ఏమని పిలుస్తాం? మా బావ అయినా పిలిచాడు. అంత గట్టిగా ఆయన గొంతు నేను అంతకుముందు వినలేదు. నేను తళవాయిపురం రోడ్డున, ఆయన సత్రపట్టి వైపు, రెండు బండ్ల మీద వెతికాం. వచ్చే ప్రతి టౌను బస్సు చక్రాల కిందా నాకు ఆ తెల్ల కుక్కే కనబడింది. తల ప్రాణం తోకకు వచ్చింది. మర్నాడు మధ్యాహ్నానికి సత్రపట్టిలో ఒక మగ్గాల షెడ్డు వెనక, మడతలు పెట్టిన బ్యాండేజి గుడ్డ మీద పడుకుని దొరికింది. తెలుపులో తెలుపు, పనివాళ్ళు కూడా కనిపెట్టలేదట. మా బావ దాన్ని చేతులతో ఎత్తుకుని బండి దగ్గరికి తెచ్చి, నన్ను చూసి ఒక్క మాట అన్నాడు. "నీకు నూలు తెలుసు. తోలు తెలీదు."

తిట్టినా బాగుండేది. వారం రోజులు కొట్టం తలుపు తియ్యలేదు. ఆ తరవాత పాత బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పోయి, నేర్పుతారా అని అడిగాను. గంజి సంగతి చెబితే ఆయన చేతిలో ఆరె కింద పెట్టి, ఆరెతో బొక్క పొడిచేవాడు కళ్ళు తుడుచుకోకూడదని చెప్పి మరీ, కళ్ళు తుడుచుకుని నవ్వాడు. అంచుకు నీళ్ళు చాలునట, తరవాత చెక్కతో వేడెక్కేదాకా రుద్దాలట, చివర తేనెమైనం. ఓపికకు బదులు ఇంకేది పూసినా తోలు నమ్మదట. ఆయన పక్కన గోనెసంచి మీద కూర్చుని ఒక ఎండాకాలమంతా నేర్చుకున్నాను. రుద్దడానికి మిల్లులో పారేసిన, నూలు చుట్టే పాత చెక్క బాబిన్ ఒకటి తీసుకుపోతే, దాని గాడి తోలు అంచుకు అచ్చంగా సరిపోయింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇంకొకటి తనకూ తెచ్చిపెట్టమన్నాడు. మిల్లు నుంచి నేను అందుకున్న సన్మానాలు ఏవీ దీని ముందు నిలవవు.

నేను రోడ్డుపక్క కూర్చున్న కబురు నాకంటే ముందే మా అక్క దగ్గరికి చేరింది. ఆమె తన ఇంట్లో మా ఇద్దరికీ అన్నం వడ్డిస్తూ మొదలుపెట్టింది. పరువు, నాన్న పేరు, ఇంకా చాలా. మా బావ విస్తట్లో చెయ్యి ఆపాడు. "నేర్చుకోనీ వాణ్ణి. ఈసారి వాడు కుట్టింది కుక్క మెడకి వేసేది నేనే" అన్నాడు. మా అక్క ఇంకో గరిటె సాంబారు నా విస్తట్లో పోసింది.

రెండో బెల్టుకు ఇరవై రోజులు పట్టింది. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, ఒకే బొక్కలో ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి. బాబిన్‌తో రుద్ది రుద్ది అరచెయ్యి బొబ్బలెక్కింది. బావ దాన్ని కుక్కకు తొడిగాడు. ఒకరోజు మేం ముగ్గురం, అంటే కుక్కతో సహా, టీ అంగడి దగ్గర ఉండగా అది మేకను చూసి షేర్ ఆటోకు అడ్డంగా దూకింది. బావ గొలుసు బిగించాడు. ఆయన రెండడుగులు ముందుకు జారాడు గాని బెల్టు కదలలేదు. ఆటో పోయింది, కుక్క మిగిలింది. టీ తాగుతున్న పొరుగూరి మనిషి బెల్టు చూసి, ఇది ఎక్కడ కొన్నారని తమిళంలో అడిగాడు. మా బావ తమిళంలో అడిగినవాడికి తెలుగులో జవాబు చెప్పాడు, నాకు వినబడాలని. "కొన్నది కాదు. మా బామ్మర్ది చేసినాడు."

ఆ కుక్క నిండా బతికి పోయినేడు పోయింది. పూడ్చిపెట్టి వచ్చాక బెల్టు వాళ్ళ వాకిట్లో చెప్పుల పక్కన పడి ఉంటే, మా అక్కే దాన్ని గుడ్డతో తుడిచి, గడప దాటించి, హాల్లో మా నాన్న ఫోటో కింద మేకుకు తగిలించింది. నేను చూస్తుండగానే. నా మొహం వైపు మాత్రం చూడలేదు.

ఆ మేకు నుంచి తీసి తెచ్చాడు మా బావ ఈ పొద్దున. "ఈ పిల్లకి చెవులు బాగా వినబడతాయంట గదా, పిలిస్తే వస్తుంది గదా బావా" అన్నాను. ఆయన కొట్టం బయటికి చూస్తూ, "నాకు పిలిచే అలవాటు పోయినాది" అన్నాడు. నేను పాత బొక్కకు రెండంగుళాలు లోపలగా కొత్తది కొట్టి, దాని అంచు కూడా బాబిన్ కొసతో రుద్ది ఇచ్చాను. పాత బొక్క, పోయిన కుక్క మెడ లాగి లాగి కోడిగుడ్డులా సాగి ఉంది, దాన్ని ముట్టుకోలేదు. పోయిన కాలం తిరిగి రాదంటారు, నిజమే. కాని ఈ పిల్ల మెడ పెరిగేకొద్దీ ఏడాదిలోగా ఆ పాత బొక్క దాకా వస్తుంది, అప్పటిదాకా అంచు నిలుస్తుందని నేను మాట ఇవ్వగలను.